ముక్తినాథ్ దారిలో మా తిండి, మా నీళ్లు

ఈ వేసవి సెలవుల్లో అమ్మకు నేపాల్ కొండల్లోని ముక్తినాథ్ గుడి చూపించాం. అమ్మకు 67 ఏళ్లు, మా బాబుకు పదేళ్లు, మా వారు, నేను. నలుగురం, పదకొండు రోజులు. ఢిల్లీ నుంచి విమానంలో కాఠ్మాండూ, అక్కణ్ణుంచి పోఖరా, జొమ్సొమ్, ముక్తినాథ్, తిరిగి లుంబిని, సునౌలీ బోర్డర్ దాటి గోరఖ్‌పూర్‌లో రైలు. బయల్దేరే ముందు చలి గురించి, ఎత్తు గురించి, జొమ్సొమ్ వెళ్లే చిన్న విమానం గురించి తెగ టెన్షన్ పడ్డాను. నీళ్ల సంగతి వస్తే "సీలున్న బాటిళ్లు కొనుక్కుంటాంలే" అనుకుని వదిలేశాను. నాలుగో రోజు తెల్లవారుజామున పోఖరాలో బాబు లేచి కూర్చుని "అమ్మా, కడుపులో తిప్పుతోంది" అన్నాడు. ఆ రెండు రోజుల్లో నాకు తెలిసొచ్చినవి పెద్దవాళ్లనీ పిల్లల్నీ వెంటబెట్టుకుని ఆ దారిన వెళ్లే మనవాళ్లకు చెప్పాలని ఇది రాస్తున్నాను.

కాఠ్మాండూలో కుళాయి నీళ్లను ఊరివాళ్లే నేరుగా తాగరు. ఏళ్ల తరబడి ఎదురుచూశాక 2021లో మేలమ్చి నది నీళ్లు 27 కిలోమీటర్ల సొరంగం గుండా నగరానికి వచ్చాయి. ఆ ఏడాది జూన్‌లోనే పెద్ద వరదొచ్చి, నీళ్లు మళ్లించే చోటంతా రాళ్లూ బురదా పూడుకుపోయాయి. చాలా ఇళ్లకు పైపులో నీళ్లొచ్చేది కొద్ది గంటలే. పైపు ఖాళీగా ఉన్నప్పుడు ఎక్కడైనా పగులుంటే చుట్టుపక్కల మురుగు లోపలికి చేరుతుంది. నీళ్లు వదలగానే అది మన బిందెలోకి వస్తుంది. మన ఊళ్లలో వానాకాలం వాంతులూ విరేచనాల వార్తలు వచ్చేది కూడా ఎక్కువగా ఇలాగే. అందుకే అక్కడ ఇళ్లలో, హోటళ్లలో 20 లీటర్ల జార్లు కనిపిస్తాయి. జారు ఉందని నిశ్చింతగా ఉండకూడదు. మూతకు సీలు మన కళ్ల ముందే తీస్తున్నారా, లేక వాడిన జారునే మళ్లీ నింపి పెట్టారా అన్నది చూడాలి.

కాఠ్మాండూలోని థమేల్ పేటలో మేం దిగింది ఈ యాత్ర మొత్తం మీద ఖరీదైన బస. గదులు బాగున్నాయి, పక్కలు శుభ్రంగా ఉన్నాయి, వేడినీళ్లు ఎప్పుడూ వచ్చేవి. పొద్దున బఫే. మూడో రోజు నేను చివర్లో దిగాను. నూడుల్స్ ట్రేలో అడుగున కొంచెం మిగిలి ఉంటే, దాని మీదే కొత్తవి పోసి కలిపేశాడు కుర్రాడు. ట్రే కింద దీపం ఆరిపోయి ఉంది. చెయ్యి పెట్టి చూస్తే గోరువెచ్చగా కూడా లేదు. ఆ పక్కనే కోసిన పుచ్చకాయ ముక్కలు, గాజు జగ్గులో నారింజ రసం. జగ్గు ఖాళీ అయ్యాక లోపలికి తీసుకెళ్లి, గిన్నెలు కడిగే తొట్టి మీది కుళాయి కింద పట్టి, పొడి వేసి కలుపుకొచ్చాడు. తలుపు సందులోంచి చూశాను. అప్పటికే మా వాడు రెండు గ్లాసులు తాగేసి, "ఇంకోటి" అంటున్నాడు.

వండిన పదార్థం 60 డిగ్రీల పైన ఉండాలి, లేదా ఫ్రిజ్‌లో 5 డిగ్రీల లోపు ఉండాలి. మధ్యలో గంటల తరబడి ఉంటే క్రిములు పెరిగిపోతాయి. ఈ లెక్క నాకు ముందే తెలుసు. తెల్లని బల్లగుడ్డలు, చేతికి గ్లౌజులు చూసి ఆ లెక్క మర్చిపోయాను. ఆ హోటల్‌కు గదుల విషయంలో మంచి మార్కులే వేస్తాను. భోజనానికి మాత్రం ఎవర్నీ పంపను.

అదే కాఠ్మాండూలో వీధి పక్క చిన్న కొట్టులో మోమోలు తిన్నాం, ఏమీ కాలేదు. అల్యూమినియం పాత్ర మూత తీయగానే మొహానికి ఆవిరి కొట్టేది. చేత్తో పట్టుకోలేనంత వేడి. దాంతో ఇచ్చే టమాటా అచార్‌ను మాత్రం పక్కన పెట్టించాను. పొద్దుటి నుంచీ మూత లేని గిన్నెలో ఉంది, నీళ్లు కలిపి పలుచన చేస్తున్నారు. భక్తపూర్‌లో జుజు ధౌ అని మట్టి మూకుడులో తోడుపెట్టే తియ్యని పెరుగు ఉంటుంది. పెరుగు చూస్తే మన తెలుగు ప్రాణం ఆగదు కదా. ఫ్రిజ్‌లో మూతపెట్టి ఉంచిన కొట్టు వెతుక్కుని తిన్నాం. అంత చిక్కటి పెరుగు తిని ఎన్నాళ్లయిందో అని అమ్మ మూకుడు అడుగు దాకా గీకి తింది.

పాటన్‌లో పానీపూరీ కావాలని మా వాడు మారాం చేశాడు. పాటన్ అంటే లలిత్‌పుర్ నగరమే. 2022 జూన్‌లో అక్కడ కలరా కేసులు బయటపడితే నగరపాలక సంస్థ పానీపూరీ అమ్మకాన్నే ఆపేసింది. ఆ పానీలో కలరా క్రిమి ఉన్నట్టు తేలిందని అప్పట్లో చెప్పారు. ఆ సంగతి చెప్పి వాణ్ణి లాక్కొచ్చాను. లలిత్‌పుర్‌తో మనకు ఇంకో బంధం ఉంది. హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన టైఫాయిడ్ టీకా టైప్‌బార్ టీసీవీని 2017-18లో అక్కడి పిల్లలు సుమారు 20 వేల మందితో పరీక్షించారు. సగం మందికి ఆ టీకా, సగం మందికి వేరే టీకా వేశారు. టైఫాయిడ్ నుంచి సుమారు 80 శాతం రక్షణ ఉందని తేలింది. 2022లో నేపాల్ దాన్ని పిల్లల మామూలు టీకాల్లో చేర్చింది. మేం నలుగురం బయల్దేరడానికి నెల ముందే టైఫాయిడ్ టీకా వేయించుకున్నాం, ఆ పని చేసినందుకు సంతోషంగా ఉంది. అయితే విరేచనాలు పట్టించే మిగతా క్రిములకు ఆ టీకా అడ్డం రాదు.

ఇక పోఖరా. ఫేవా చెరువు దగ్గర ఒక కుటుంబం నడిపే చిన్న గెస్ట్‌హౌస్. నాలుగే గదులు, మెట్లు ఇరుకు, గీజరు మొరాయించేది. కానీ ఆ ఇంటావిడ లేకపోతే ఆ రోజు ఎలా గడిచేదో. మేమంతా ఆమెను దీదీ అనేవాళ్లం. తెల్లవారేలోపు మా వాడికి ఏడు విరేచనాలు, మూడు వాంతులు. కళ్లు లోపలికి పోయాయి. దీదీ పరుగెత్తి వెళ్లి మందుల షాపు తెరిపించి 'జీవన్ జల్' ప్యాకెట్లు తెచ్చింది. నేపాల్‌లో ఓఆర్‌ఎస్‌కు ఆ పేరే వాడుక.

ఇక్కడ ఒక్క విషయం వివరంగా చెప్పాలి. ఆ ప్యాకెట్‌ను లీటరు నీళ్లలో పూర్తిగా కలపాలి. గ్లాసులో కొంచెం పొడి వేసి తాగించడం, అరలీటరులోనే మొత్తం కలిపేయడం రెండూ తప్పే. ఉప్పు, గ్లూకోజు ఆ కొలతలో ఉంటేనే పేగు నీటిని పీల్చుకుంటుంది. చక్కెర ఎక్కువైతే ఒంట్లోని నీళ్లే పేగులోకి వచ్చి విరేచనాలు ఇంకా పెరుగుతాయి. తీపి డ్రింకులకు ఓఆర్‌ఎస్ పేరు పెట్టి అమ్ముతున్నారని హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఎనిమిదేళ్లు పోరాడితే, 2025 అక్టోబర్‌లో మన ఆహార భద్రతా సంస్థ ఆ పేరు వాడొద్దని ఆదేశించింది. పరాయి ఊళ్లో అర్ధరాత్రి పిల్లవాడు సొమ్మసిల్లినప్పుడు ఆ తేడా ఎంతటిదో నాకు అర్థమైంది.

గ్లాసు ఎత్తి పట్టిస్తే కక్కేస్తున్నాడు. అందుకని టీ చెంచాతో, రెండు నిమిషాలకో చెంచా. అమ్మ మంచం పక్కన కూర్చుని గోడ గడియారం చూస్తూ పట్టించింది. "ఇంకొక్కటి నాన్నా, ఇదే ఆఖరు" అంటూ ఎన్ని ఆఖర్లు చెప్పిందో. మధ్యాహ్నం రెండింటికి వాడు మూత్రానికి లేచాడు. మా వారు బాత్రూమ్ తలుపు దగ్గర నిలబడి, "వచ్చింది, బాగానే వచ్చింది" అని గట్టిగా అరిచారు. అప్పుడు ఏడ్చాను నేను. విరేచనంలో రక్తం పడినా, జ్వరం ఎక్కువైనా, ఆరేడు గంటలు మూత్రం రాకపోయినా ఆసుపత్రికి పరుగెత్తాలని మందుల షాపతను చెప్పాడు. విరేచనాలు కట్టేసే మాత్రలు పిల్లలకు వేయొద్దని కూడా చెప్పాడు.

సాయంత్రం దీదీ 'జావ్లో' వండింది. బియ్యం, పెసరపప్పు కలిపి మెత్తగా ఉడికించి పసుపు, ఉప్పు వేస్తారు. అచ్చం మన పథ్యం పొంగలే, మిరియాలు ఉండవు. పొయ్యి మీంచి దించి నేరుగా వాడి కంచంలోకే వడ్డించింది. ఆ ఇంటికి నా మార్కులు నూటికి నూరు. గీజరు సంగతి పట్టించుకోకండి.

రెండు రోజులు ఆగి విమానంలో జొమ్సొమ్ చేరాం. పొద్దెక్కితే లోయలో గాలి పెరుగుతుంది కాబట్టి విమానాలన్నీ పొద్దున్నే. ఆ రాత్రి దగ్గర్లోని మార్ఫా ఊళ్లో ఉన్నాం. ఈ అన్నపూర్ణ ప్రాంతంలో ప్లాస్టిక్ సీసాల చెత్త తగ్గించడానికి 1990ల చివర్లో న్యూజిలాండ్ సాయంతో మంచినీటి కేంద్రాలు పెట్టారు. నీటిని ఓజోన్‌తో శుద్ధి చేసి మన సీసాలోనే నింపుతారు. మార్ఫాలో రెండు సీసాలు నింపించుకున్నాం. అవి అన్నిచోట్లా, అన్నివేళలా తెరిచి ఉండవు కాబట్టి దగ్గర క్లోరిన్ మాత్రలో, అక్కడ దొరికే 'పీయూష్' అనే క్లోరిన్ చుక్కలో ఉంచుకోవాలి. కలిపాక అరగంట ఆగి తాగాలి. వానాకాలంలో వెళ్లేవాళ్లు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు. మే నుంచి ఆగస్టు దాకా నేపాల్‌లో సైక్లోస్పోరా అనే పరాన్నజీవి ఎక్కువ. క్లోరిన్‌కు చావదు, మరిగిస్తేనే చస్తుంది.

భోజనం విషయంలో ఆ దారిలో నేర్చుకున్న మంచి కిటుకు ఒకటుంది. నేపాలీలు దాల్‌భాత్ రోజుకు రెండుసార్లు తింటారు, పొద్దున పది ప్రాంతంలో, రాత్రి ఏడు దాటాక. అప్పుడే అన్నం, పప్పు, కూర పొయ్యి మీంచి దిగుతాయి. మనం మన అలవాటు ప్రకారం ఒంటిగంటకు వెళ్తే, పొద్దుటిదే వెచ్చబెట్టి ఇస్తారు. మేం టైమ్ మార్చుకున్నాం. పదింటికల్లా భోజనం, మధ్యాహ్నం తొక్క తీసుకుని తినే అరటిపండ్లు, బిస్కెట్లు. కంచం అంచున పెట్టే పచ్చి ముల్లంగి, ఉల్లి ముక్కలు తినలేదు. మనం తెచ్చుకున్న కందిపొడి, ఆవకాయ ఉండగా ఆ లోటు తెలియలేదు.

ముక్తినాథ్ గుడి సుమారు 3,700 మీటర్ల ఎత్తున ఉంది. కింద రాణిపౌవా ఊళ్లో లాడ్జి. గది చిన్నది, కిటికీ సందుల్లోంచి ఈల వేస్తూ గాలి. కరెంటు తక్కువై మా కెటిల్ పనిచేయలేదు. వంటింట్లో పెద్ద నల్లటి గిన్నెలో నీళ్లు ఎప్పుడూ మరుగుతూనే ఉంటాయి. లీటరు వంద నేపాలీ రూపాయలు, మన డబ్బులో 62, 63. ఒక్క రూపాయి బేరమాడలేదు. గ్యాసు సిలిండరు అంత కొండెక్కి రావాలి మరి. ఆ ఎత్తులో నీళ్లు 87, 88 డిగ్రీలకే మరుగుతాయి. క్రిములు చావడానికి ఆ వేడి చాలు. 2,000 మీటర్లు దాటాక మూడు నిమిషాలైనా తెర్లనివ్వాలని చెబుతారు. లాడ్జి ఆయన మా ఫ్లాస్కులు అడుగు దాకా మరిగే నీళ్లతోనే తొలిచి, ఆ నీళ్లు పారబోసి, అప్పుడు నింపాడు. చెప్పకుండానే చేశాడు.

గుడి వెనక 108 ధారలు ఉన్నాయి, ఆవు ముఖాల నోళ్లలోంచి మంచులాంటి నీళ్లు పడుతుంటాయి. అమ్మ వాటి కింద తలవంచి నడిచింది. చివర్లో దోసిలి పట్టి నోటి దగ్గరికి తీసుకెళ్లి ఆగిపోయింది. నేనేమీ అనలేదు. అనే ధైర్యం లేదు కూడా. ఈ తీర్థం కోసమే ఆమె ఇంత దూరం వచ్చింది. బాబు వంక చూసింది. ఆ నీళ్లు వాడి తల మీద, తన తల మీద చల్లుకుంది. తర్వాత సంచిలోంచి చిన్న ఇత్తడి చెంబు తీసి ధార కింద పట్టింది.

"దీన్ని కాచి తీసుకుందామే. స్వామి ఏమీ అనుకోడు" అంది.

రాత్రి లాడ్జి ఆయన ఆ చెంబెడు నీళ్లనూ వేరే గిన్నెలో పోసి మరిగించి ఇచ్చాడు. అమ్మ తులసిదళం వేసి, చల్లారాక, అందరికీ ఉద్ధరిణెతో పోసింది. బాబు మూడుసార్లూ చెయ్యి పట్టాడు.

దిగేటప్పుడు జీపులో పోఖరా, మర్నాడు లుంబిని. అక్కడ ఎండ మన మే నెల ఎండే. గుంటూరు వైపు నుంచి వంటవాళ్లతో వచ్చిన యాత్ర బస్సువాళ్లు కలిసి, "రండమ్మా, మనూరి భోజనం" అని ప్రేమగా పిలిచారు. పొయ్యి మీద సాంబారు కుతకుతలాడుతోంది, పులిహోర పొద్దున కలిపింది. అవి తృప్తిగా తిన్నాం. మజ్జిగలో పోసిన నీళ్లు చేతిపంపువని తెలిసి మజ్జిగ మాత్రం వద్దన్నాం. వాళ్ల బస్సులో 40 మంది దాకా ఉన్నారు, ఎక్కువమంది అరవై దాటినవాళ్లే. మా దగ్గర మిగిలిన ఓఆర్‌ఎస్ ప్యాకెట్లన్నీ వాళ్ల వంటమనిషికి ఇచ్చి, లీటరు కొలత సీసా మీద గీత గీసి చూపించి వచ్చాను.