బొమ్మలు గీసే చేతికి వ్యాపార పాఠం: స్వయం కోర్సు బరంపురం విద్యార్థికి గిట్టుబాటేనా?

కేంద్ర ప్రభుత్వ ఆన్‌లైన్ చదువుల వేదిక స్వయం మీద ఐఐటీల పాఠాల పథకం ఎన్‌పీటెల్ నడిపే 12 వారాల ఆంట్రప్రెన్యూర్‌షిప్ (సొంత వ్యాపారం పెట్టడం) కోర్సుల్లో ఎక్కువగా చేరేది క్రెడిట్ల కోసం చూసే బీటెక్ పిల్లలు. వాటిని నిజంగా వాడుకోగలిగేది మాత్రం శుభలేఖలు, అప్పడాల ప్యాకెట్ల లేబుళ్లు, పట్టుచీరల డిజైన్లు, పెళ్లి ఫొటోలు చేసుకుని బతుకుదామనుకునే విద్యార్థి. ఒడిశాలోని గంజాం, గజపతి, రాయగడ జిల్లాల తెలుగు పిల్లల్ని దృష్టిలో పెట్టుకుని రాసిన సమీక్ష ఇది.

ముందు డబ్బు సంగతి. పాఠాలు వినడం, అసైన్‌మెంట్లు చేయడం ఉచితం. సర్టిఫికెట్ కావాలంటే పరీక్షకు 1000 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగ విద్యార్థులకు అందులో సగం. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. కోర్సులో పేరు నమోదైతే పరీక్షకూ నమోదైనట్టే అనుకుంటారు. రెండూ వేరు. పరీక్ష ఫారం గడువు దాటితే మూడు నెలల చదువుకు కాగితం రాదు. 12 అసైన్‌మెంట్లలో బాగా వచ్చిన 8 తీసుకుని సగటు కట్టి 25 మార్కులకు లెక్కేస్తారు, పరీక్షకు 75. అసైన్‌మెంట్లలో కనీసం 10, పరీక్షలో కనీసం 30 విడివిడిగా రావాలి. గడువులోపు ఎన్నిసార్లు మార్చి పంపినా చివరిదే లెక్క. ఇది 3 క్రెడిట్ల కోర్సు. మీ కాలేజీ వాటిని కలుపుకుంటుందో లేదో చేరకముందే పరీక్షల విభాగంలో అడగండి.

ఇక అసలు సరుకు. ఈ సబ్జెక్టులో కళాకారుడికి అన్నిటికంటే అక్కరకొచ్చే ఆలోచన 2001లో సరస్ సరస్వతి ప్రతిపాదించిన ఎఫెక్చుయేషన్. పెద్ద లక్ష్యం పెట్టుకుని పెట్టుబడి వెతుక్కోవడానికి బదులు, చేతిలో ఉన్నదాంతో మొదలుపెట్టమంటుంది. నేనెవరిని, నాకేం వచ్చు, నేనెరిగినవాళ్లెవరు? ఈ మూడు ప్రశ్నలూ బరంపురం పిల్లల్ని అడిగితే మొదట వచ్చే జవాబు 'ఏముంది, బొమ్మలేస్తాను' అనే. తెలుగూ ఒడియా రెండూ తప్పుల్లేకుండా చదివి రాయగలగడం వాళ్ల దృష్టిలో విద్యే కాదు. పెళ్లికూతురు వాళ్లది ఆంధ్రలోని ఇచ్ఛాపురం వైపు, పెళ్లికొడుకు వాళ్లది ఒడిశాలోని భంజనగర్ వైపు అయితే శుభలేఖ రెండు లిపుల్లో కావాలి. ప్రూఫు దిద్దే డిజైనర్‌కి రెండూ వస్తే అదే అతని దుకాణం.

పని వచ్చాక చెడేది ఎక్కడో కోర్సు చెప్పదు. తెలుగు అను ఫాంట్లలో, ఒడియా ఆకృతి ఫాంట్లలో టైపు చేసి ఫైలు అలాగే పంపితే, ప్రెస్సు కంప్యూటర్లో ఆ ఫాంటు లేనప్పుడు అక్షరాలు పిచ్చిగీతలవుతాయి. ప్రూఫు మీద పార్టీ సంతకం తీసుకున్నాక అక్షరాలను కర్వ్స్‌లోకి, అంటే ఫాంటు అక్కర్లేని గీతల బొమ్మలుగా, మార్చి పంపాలి. మార్చాక దిద్దుకోలేరు కాబట్టి పాత ఫైలు విడిగా దాచుకోవాలి. అన్ని అంచులా 3 మి.మీ. బ్లీడ్ (కత్తిరింపులో పోయే అదనపు అంచు) వదలాలి, బొమ్మలు 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు) ఉండాలి, రంగులు సీఎంవైకేలో (అచ్చు సిరాల రంగుల పద్ధతిలో) చూసుకోవాలి. లేకపోతే తెర మీద ధగధగలాడిన కుంకుమరంగు కార్డు మీద ఇటుకపొడిలా దిగుతుంది. మళ్లీ అచ్చేస్తే ఆ ఖర్చు డిజైనర్ నెత్తినే.

ధర కట్టడం గురించిన పాఠాన్ని మాత్రం రెండుసార్లు వినండి. నెల ఖర్చు 12,000 అనుకుందాం. 25 రోజులు రోజుకు 6 గంటలు కూర్చుంటే 150 గంటలు. అందులో సగం బేరాలకీ తిరుగుడుకీ పోతుంది, మిగిలేవి 75. అంటే గంటకు 160 రూపాయలు వస్తేనే అసలు నిలుస్తుంది. 5 గంటల కార్డుకు 800, మార్పులకు మరో 3 గంటలు పడితే 480, మొత్తం 1,280. ఊళ్లో అందరూ 500 తీసుకుంటున్నారని మీరూ 500 అంటే కార్డుకు 780 ఎదురు పెట్టినట్టే. రెండు విడతల మార్పులు ధరలోనే, మూడోదానికి విడిగా అని ముందే రాసివ్వండి.

కోర్సులో ఉదాహరణలు ఎక్కువగా కంపెనీలవే. పెట్టుబడిదారుల పాఠాలు వేగంగా వినేసినా పరీక్షకు సరిపోతుంది. కళ చేసేవాళ్లకు కావాల్సిన హక్కుల చట్టం విడిగా నేర్చుకోవాలి. డబ్బిచ్చి తీయించుకున్న ఫొటోకి, వేయించుకున్న పెయింటింగుకి, వేరే ఒప్పందం లేకపోతే, మొదటి హక్కుదారు డబ్బిచ్చినవాళ్లే. 1957 కాపీరైట్ చట్టం మాట అది. హక్కు రాసిచ్చేటప్పుడు కాలం రాయకపోతే 5 ఏళ్లు, ప్రాంతం రాయకపోతే భారతదేశం మొత్తం అని తీసుకుంటారు. చీర డిజైను లెక్క ఇంకో తీరు. బరంపురం పట్టు ఫొడ కుంభ చీరకు జీఐ (ఫలానా ప్రాంతపు సరుకన్న) గుర్తింపు ఉంది, ఆ పాత కుంభ అంచు ఏ ఒక్కరి సొంతమూ కాదు. మీరు కొత్తగా గీసినదాన్ని 2000 నాటి డిజైన్ల చట్టం కింద నమోదు చేస్తే 10 ఏళ్లు, పొడిగిస్తే మరో 5. ఇన్‌స్టాలో పెట్టకముందే దరఖాస్తు చేయాలి, ముందే బయటపెడితే కొత్తదనం పోయినట్టే.

సరిహద్దు జిల్లాలకు ప్రత్యేకమైన చిక్కు జీఎస్టీ. బరంపురం నుంచి ఇచ్ఛాపురం గంట కూడా పట్టని దూరం, కానీ రాష్ట్రం వేరు. ఏడాది అమ్మకాలు 40 లక్షలు దాటేదాకా జీఎస్టీ నమోదు అక్కర్లేదన్న వెసులుబాటు రాష్ట్రం లోపల వస్తువులు అమ్మేవాళ్లకే. రాష్ట్రం దాటించి అమ్మితే మొదటి రూపాయి నుంచే నమోదు కావాలి (కొన్ని హస్తకళా వస్తువులకు షరతులతో సడలింపు ఉంది). డిజైను లాంటి సేవలకైతే 20 లక్షల దాకా రాష్ట్రం దాటినా అక్కర్లేదు. అందుకని డిజైను చార్జీకి మాత్రం మీ బిల్లు ఇవ్వండి, అచ్చు బిల్లు ప్రెస్సువాళ్లనే నేరుగా పార్టీకి ఇమ్మనండి. లాభంలో కొంత తగ్గినా తలనొప్పి ఉండదు. చిన్న వ్యాపారాలకు ప్రభుత్వం ఇచ్చే ఉద్యం నమోదు పూర్తిగా ఉచితం, ఇంటర్నెట్ సెంటర్లో రుసుము అడిగితే ఇవ్వకండి.

జనవరి విడత, జులై విడత అని ఏడాదికి రెండుసార్లు చేరొచ్చు. శుభలేఖల పనో, ఫొటోల పనో చేసేవాళ్లకు జులై నయం.  జనవరిలో చేరితే మాఘం ముహూర్తాలు మొదలయ్యేసరికి కోర్సు ఇంకా సగం కూడా కాదు.