అమ్మమ్మ కాలు మిషను: నలభై నాలుగేళ్లు ఆవిడ తొక్కాక, ఇప్పుడు నేను తొక్కుతూ

ఈ కుట్టు మిషను ఏ కంపెనీదో చెప్పలేను. నల్లటి ఒంటి మీద బంగారు రంగు అక్షరాలు ఉండేవట. అమ్మమ్మ రోజూ నూనెగుడ్డతో తుడిచి తుడిచి వాటిని చెరిపేసింది. అందుకని పేరు చూసి కొనుక్కుందామనుకునే వాళ్లకి ఈ సమీక్ష పనికిరాదు. పాత కాలు మిషను ఇంట్లో మూల పడి ఉండి, ఉంచుకోవాలా పాతసామాన్ల వాడికి ఇచ్చేయాలా అని ఆలోచిస్తున్న వాళ్లకి పనికొస్తుందేమో.

1972లో రేపల్లెలో తాతయ్య దీన్ని సెకండ్ హ్యాండులో కొన్నారు. ఆయన రైసుమిల్లులో గుమాస్తా. రెండేళ్లకే పోయారు. అప్పటిదాకా సరదాకి పిల్లల గౌన్లు కుట్టిన మిషను ఆ తర్వాత ముగ్గురు పిల్లలకి అన్నం పెట్టాల్సొచ్చింది. 2016లో అమ్మమ్మ పోయేదాకా ఆవిడే తొక్కింది. అప్పట్నుంచి హైదరాబాదులో నా దగ్గరుంది. మధ్యలో మా అమ్మ చేతికి రావాలి కానీ, రాలేదు. "ఆ చప్పుడుతోనే పడుకున్నాను, ఆ చప్పుడుతోనే లేచాను, ఇంక నా వల్ల కాదు" అంది.

ముందు మంచి చెప్తాను. నేరుగా కుట్టే కుట్టులో దీనికి వంక పెట్టలేం. మామూలు నూలుగుడ్డకి 14 నంబరు సూది, పల్చటి పట్టుకి 11, మందం గుడ్డకి 16 వేస్తే చాలు, పావడా అంచు నుంచి గలీబు దాకా ఏదైనా కుడుతుంది. కరెంటుతో పని లేదు. రేపల్లెలో కరెంటు పోతే ఎదురింటి వాళ్లు విసనకర్రలు తీసేవాళ్లు, అమ్మమ్మ లాంతరు తీసి మిషను పక్కన పెట్టుకునేది. సంక్రాంతి ముందు పది రోజులైతే ఆ లాంతరు అర్ధరాత్రి దాకా వెలుగుతూనే ఉండేది. అయినా జాకెట్లు టైముకి ఇచ్చేది కాదు, అది వేరే సంగతి. "హుక్కులు ఒక్కటే మిగిలాయమ్మా, రేపు పొద్దున్నే వచ్చి తీసుకెళ్లు" అనేది. ఆ గుడ్డ అప్పటికి కత్తిరించి కూడా ఉండేది కాదు.

గట్టిదనం గురించి ఒక్క రాత్రి చెప్తే చాలు. 1977 నవంబరు 19, దివిసీమ ఉప్పెన రాత్రి. గాలికి ఇంటి పెంకులు లేచిపోతుంటే, అమ్మమ్మ వెనకాల ఉన్న రెండు మరలు వదులు చేసి మిషను తలని బల్ల నుంచి ఊడదీసిందట. బొంతలో చుట్టి గాదె కిందకి తోసి, పిల్లల్ని దాని పక్కన కూర్చోబెట్టింది. బల్ల చెక్క నాని ఉబ్బింది, ఇప్పటికీ ఒక పక్క ఎత్తుగా ఉంటుంది. తలకి పట్టిన తుప్పుని కిరసనాయిలు పోసి నాలుగు రోజులు రుద్దింది. ఐదో రోజు నుంచి మళ్లీ కుట్టింది. పిల్లల్ని ముందు తోశావా, మిషనునా అని ఒకసారి అడిగాను. "రెండూ ఒకటే కదే" అంది. మా అమ్మ అక్కడే ఉంది, ఏమీ మాట్లాడలేదు.

ఇక ఇబ్బందులు. కొత్తవాళ్లకి మొదటి నెల నరకమే. చక్రం మన వైపు తిరగాలి. చేత్తో ఒకసారి తిప్పి ఊపు ఇవ్వకుండా కాలుతో తొక్కితే వెనక్కి తిరుగుతుంది, దారం అడుగున చిక్కుపడుతుంది. గుడ్డ అడుగున దారం ఉచ్చులు ఉచ్చులుగా వస్తే నేను చాలా రోజులు బాబిన్ కేసు (అడుగు దారం చుట్టిన బాబిన్ కూర్చునే డబ్బీ) మరనే తిప్పుతూ కూర్చున్నాను. తప్పు పైదారంలో ఉంటుంది, పైన బిగించాలి. తోలు బెల్టు వాడకంతో సాగుతుంది, కొంచెం కోసి మళ్లీ క్లిప్పు వేసుకోవాలి. మిషను నూనే వాడండి. కొబ్బరినూనె పోస్తే కొన్నాళ్లకి జిగురై బిగుసుకుపోతుంది, ఈ పని నేను చేశాను. పీకో, జిగ్‌జాగ్ లాంటివి ఇందులో రావు. చప్పుడు మాత్రం నిజంగా ఎక్కువే. కింద ఫ్లాటు ఆవిడ రెండుసార్లు పైకొచ్చారు. రెండోసారి చీరకి ఫాల్ కుట్టించుకుని వెళ్లారు.

నేను కుట్టిన జాకెట్టు అమ్మమ్మ జాకెట్టులా కూర్చోదు. ఇందులో మిషను తప్పేమీ లేదు. ఎవరైనా ఆది జాకెట్టు ఇస్తే అమ్మమ్మ దాన్ని పక్కన పెట్టి ముందు మనిషిని చూసేది. "ఇది నీకు పట్టట్లేదు కదా, ఎవర్ని మోసం చేద్దామని" అని చంక దగ్గర వేలు పెట్టి చూసేది. లోపల రెండు వేళ్ల గుడ్డ వదిలి కుట్టేది, రేపు ఒళ్లొచ్చినా విప్పుకోవచ్చని. మా వీధిలో ఎవరికి నెల తప్పిందో అత్తగారికంటే ముందు అమ్మమ్మకే తెలిసేది. పక్క కుట్లు వదులు చేయమని వచ్చేవాళ్లు కదా. ఒక్కసారి కూడా ఆ మాట బయటికి రాలేదు. మిగతా కబుర్లన్నీ వచ్చేవి.

కుట్టు పొడుగు మార్చే మీటని ఆవిడ ఎక్కడ వదిలిందో అక్కడే ఉంచాను. భక్తి కాదు, అక్కడ బాగానే పడుతోంది.

బల్ల సొరుగులో సుద్దముక్క, విరిగిన టేపు, ఆవిడ చుట్టిన ఒక బాబిన్ ఉన్నాయి. నీలం దారం, సగం. స్కూలు యూనిఫారం రంగు. దాన్ని మాత్రం చాన్నాళ్లు వాడలేదు. మొన్న జూన్‌లో రాత్రి తొమ్మిదింటికి పక్కింటి పిల్ల స్కర్టు పట్టుకొచ్చింది, మడత ఊడిపోయింది, తెల్లారితే స్కూలు. నా దగ్గర నీలం రీలు ఉంది కానీ ఖాళీ బాబిన్ ఒక్కటీ లేదు. దారం ఉండగా లేదంటే అమ్మమ్మ ఊరుకోదు కదా అని ఆ బాబినే వేశాను. జానెడు కుట్టగానే తెగింది. మళ్లీ ఎక్కించాను, మళ్లీ తెగింది. మూడోసారి వేలితో లాగి చూస్తే తెలిసింది, దారం చివికిపోయింది. నూలుదారం అన్నేళ్లు ఆగదు. మీ సొరుగుల్లో పాత బాబిన్లు ఉంటే కుట్టే ముందు లాగి చూసుకోండి.

ఆ దారమంతా విప్పి పారేసి, అదే బాబిన్‌కి కొత్త దారం చుట్టాను. స్కర్టు పావుగంటలో అయిపోయింది. ఆ పిల్ల డబ్బులెంత అని అడిగితే, హుక్కు కూడా ఊగుతోంది ఉండమని దాన్ని కూడా బిగించి పంపాను.