వాడేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్: అన్నీ బాగున్నాయి, ఆ కరెంటు పిన్ను తప్ప

హన్మకొండలో డీటీపీ చేసుకునే నాలాంటోళ్లకు ఆఫీసులు వాడి వదిలేసిన బ్రాండెడ్ డెస్క్‌టాప్ చాలని ఇన్నాళ్లూ అడిగినోళ్లందరికీ చెప్పాను. ధర తక్కువ, చప్పుడు లేదు, పేజ్‌మేకర్, ఫోటోషాప్ పక్కపక్కనే తెరిచినా మొరాయించదు. మా బామ్మర్దికీ ఇదే ఇప్పించాను. ప్రాసెసర్, రామ్ సంగతులు అమ్మేటోళ్లే చెప్తారు. వాళ్లు చెప్పనిది ఎస్‌ఎంపీఎస్ సంగతి, అంటే సిస్టమ్ లోపల బోర్డుకు కరెంటు పంచే డబ్బా సంగతి.

పోయిన ఎండాకాలం, లగ్గాల సీజన్. పెండ్లి కార్డులు ప్రెస్సుకు పోవాల్సిన రోజే కరెంటు పోయి వచ్చింది. ఆ తర్వాత బటన్ నొక్కితే ఫ్యాను ఒక్కసారి కదిలి ఆగిపోతోంది, లైటు ఆరెంజి రంగులో మినుకుమంటోంది. రామ్ తీసి రబ్బరుతో రుద్దాను, బోర్డు మీద ఉండే చిన్న సీమాస్ సెల్లు మార్చాను. అదే తంతు. చౌరస్తా దగ్గర రిపేర్ షాపు తమ్ముడు మూత తీసి చూసి, "అన్నా, దీనికి మన దగ్గరున్న ఎస్‌ఎంపీఎస్ ఏదీ పట్టదే. బోర్డు మీద 24 పిన్నుల జాగానే లేదు" అన్నాడు.

బోర్డు, క్యాబినెట్, ఎస్‌ఎంపీఎస్ ఒకదానికొకటి పట్టేలా పెట్టిన ఏటీఎక్స్ కొలతలు ఇంటెల్ 1995లో తెచ్చింది. 2003 నుంచి మెయిన్ కనెక్టరు 24 పిన్నులైంది. అందుకే అసెంబుల్డ్ సిస్టమ్‌కు ఏ షాపులో కొన్న ఎస్‌ఎంపీఎస్ అయినా దాదాపు పట్టేస్తుంది. నా బోర్డుకు ఉన్నవి ఆరే పిన్నులు. ఎస్‌ఎంపీఎస్ 12 వోల్టులే ఇస్తుంది, 5, 3.3 వోల్టులు బోర్డే తయారు చేసుకుంటుంది. ఎస్‌ఎస్‌డీకి కరెంటు కూడా బోర్డు మీది నుంచే సన్న వైరులో పోతుంది. ఆలోచన చెడ్డదని అనను, ఇంటెల్ కూడా తర్వాత ఏటీఎక్స్12వీఓ పేరుతో 10 పిన్నులది తెచ్చింది. కాకపోతే అది నలుగురికీ తెలిసిన లెక్క, ఇది నా సిస్టమ్ చేసిన ఒక్క కంపెనీ లెక్క. మామూలు ఎస్‌ఎంపీఎస్‌లో ఆకుపచ్చ వైరును నల్ల వైరుకు కలిపితే ఫ్యాను తిరుగుతుంది, బతికుందో లేదో అక్కడే తేలిపోతుంది. ఇందులో ఆకుపచ్చ వైరే కనబడలేదు.

24 నుంచి 6కు మార్చే కన్వర్టర్ కేబుల్ ఆన్‌లైన్‌లో తెప్పించాను. వట్టి వైర్లు వచ్చాయి, సిస్టమ్ ఉలకలేదు పలకలేదు. అసలు చిక్కు స్టాండ్‌బై కరెంటు దగ్గర, అంటే సిస్టమ్ ఆఫ్‌లో ఉన్నా బోర్డుకు అందే కరెంటు దగ్గర. మామూలు ఎస్‌ఎంపీఎస్ ఊదా వైరులో 5 వోల్టులే వస్తాయి, నా బోర్డేమో ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా 12 అడుగుతుంది. ఇంకో రకం కేబుల్ వచ్చింది, దాని నడుమ కుంకుడు గింజంత ఉబ్బు. 5ను 12 చేసే సర్క్యూట్ అందులోనే ఉంది. తమ్ముడు మల్టీమీటర్ పెట్టి చూసి, "ఇగ నొక్కన్నా" అన్నాడు. విండోస్ బొమ్మ పడగానే చాయ్ చెప్పాను.

అప్పుడు బయటపడింది ఇంకో తిరకాసు. కొత్త ఎస్‌ఎంపీఎస్ వెడల్పు 150 మిల్లీమీటర్లు, క్యాబినెట్‌లో అంత జాగా లేదు. దాన్ని పక్కన స్టూలు మీద పెట్టి, మూత లేకుండానే ఆ సీజన్ కార్డులన్నీ కొట్టేశాను. ఇంట్లో చిన్న పిల్లలుంటే ఆ పని చేయకండి.

తర్వాత సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాన్ల షాపులుండే సీటీసీలో పాత ఒరిజినల్ ఎస్‌ఎంపీఎస్ దొరికింది, ఇప్పుడు నడుస్తున్నది దాని మీదే. అక్కడికి పోయేటోళ్లు మోడల్ పేరు చెప్పి ఊరుకోవద్దు. ఒకే మోడల్‌లో పెద్ద డబ్బాది వేరు, చిన్న డబ్బాది వేరు. పాతదాని స్టిక్కరు మీది పార్ట్ నంబర్ ఫొటో తీసుకుని చూపించండి. చప్పుడు లేదన్నాను కదా, ఈ వాడేసిన ఎస్‌ఎంపీఎస్ వచ్చాక మధ్యాహ్నం పూట ఫ్యాను బాగానే వినిపిస్తోంది.

మళ్లీ కొంటావా అంటే, నాకైతే కొంటాను. నా పనికి గ్రాఫిక్స్ కార్డు అక్కర్లేదు, సీటీసీకి పోవాలంటే కాజీపేటలో రైలెక్కితే సరిపోతుంది. గేములాడే పిల్లలున్న ఇంటికి మాత్రం చెప్పను. స్లాటు నుంచి కార్డుకు వచ్చేది 75 వాట్లే, అంతకు మించింది పెట్టాలంటే ఈ ఎస్‌ఎంపీఎస్‌లో విడి వైరు లేదు. బామ్మర్ది ఏసీ కొనుక్కున్నంత ధీమాగా ఉన్నాడు, అతని సిస్టమ్ ఇంకా ఒక్కసారీ ఆగలేదు మరి. ఆ ఉబ్బు కేబుల్ మాత్రం అతనికివ్వకుండా నా డ్రాయర్‌లోనే ఉంచుకున్నాను.