వేలు పైకి, అరచెయ్యి కిందికి

వాటికన్‌లో 1509-11 మధ్య రాఫెల్ వేసిన గోడచిత్రం నడుమ ఇద్దరు నడిచి వస్తుంటారు. ముసలాయన గ్రీకు తత్త్వవేత్త ప్లేటో, చూపుడువేలు ఆకాశంకేసి. పక్కన శిష్యుడు అరిస్టాటిల్, అరచెయ్యి నేలకేసి. ఇద్దరి తగువూ ఆ చేతుల్లోనే ఉంది.

ప్లేటోకి కంటికి కనబడేది నీడ, అసలు రూపం బుద్ధికే అందుతుంది. తొలినాటి క్రైస్తవ పండితుడు అగస్టీన్ చేతిలో ఈ ఆలోచన క్రైస్తవంలో ఇట్టే ఇమిడిపోయింది. అంకెలు మనం కల్పించినవా, ముందే ఉన్నవా అని గణితజ్ఞులు వాదులాడుకుంటే ఇప్పటికీ ప్లేటో పేరే వస్తుంది.

అరిస్టాటిల్ వైద్యుడి కొడుకు, చేపల్ని కోసి చూసిన మనిషి. ఒక రకం సొరచేపలో పిల్ల తల్లి గర్భానికి మావిలాంటి దానితో అంటుకుని ఉంటుందని రాశాడు. అది నిజమేనని 1842లో జర్మన్ శాస్త్రజ్ఞుడు యోహానెస్ ముల్లర్ చూపించాడు. బరువైన వస్తువు వేగంగా పడుతుందని పొరబడిందీ ఈ అరిస్టాటిలే మరి! 12వ శతాబ్దంలో స్పెయిన్‌లోని టొలీడోలో ఆయన పుస్తకాలు అరబిక్ నుంచి లాటిన్‌లోకి వచ్చాయి. తర్వాతి శతాబ్దానికి క్రైస్తవ పండితుడు అక్వినాస్ ఆయన్ని పేరుపెట్టి కాక 'తత్త్వవేత్త' అనే పిలిచేవాడు.

నా మొగ్గు అరిస్టాటిల్ వైపే. చదవడానికి మాత్రం ప్లేటో సంభాషణలే హాయి. శిష్యుడివి మనదాకా వచ్చినవి చాలావరకు క్లాసు నోట్సులా ఉంటాయి.