మక్క చేనుకు కలుపు మందు: ఆరేండ్ల వాడకం తర్వాత నా మాట

కల్వకుర్తి దగ్గర మాకు నాలుగెకరాలు. రెండున్నర ఎర్ర చల్క (తేలిక నేల), ఒకటిన్నర నల్లరేగడి. 2019 వానాకాలం నుంచి మక్కకు కలుపు మందే కొడుతున్న. మధ్యలో 2020 వానాకాలం ఒక్కటి తప్పింది, అప్పుడు మక్క వేయొద్దని సర్కారు చెప్తే పత్తి పెట్టినం. అంతకుముందంతా గుంటుక తోలుడు, కైకిలి (కూలి) పెట్టి కలుపు తీయించుడు. ఎకరానికి పది పన్నెండు మంది ఆడోళ్లు కావాలి. వాన వెలిసిన రోజు ఊరందరికీ ఒకేసారి కావాలి, పత్తి రైతులేమో ముందే మాట్లాడి పెట్టుకుంటరు.

నా లెక్కలో అసలు మందు అట్రాజిన్. 50 శాతం పొడి. చల్కకు ఎకరానికి 800 గ్రాములు, రేగడికి 1200, నీళ్లు 200 లీటర్లు. విత్తిన రెండు రోజుల్లో పడాలి, అదీ పదును మీద. 2021లో పైన ఆరిపోయిన దుక్కి మీద కొట్టిన. వారం దాకా చినుకు రాలే. పన్నెండో రోజుకు సాళ్ల మధ్య ఊద గడ్డి బెత్తెడు లేచింది. అప్పట్నుంచి పొద్దున్నే మట్టి పిడికిట పట్టి చూస్త, ముద్దయితేనే పంపు భుజానికెత్తుత. కొట్టిన నేలను తొక్కకుండా వెనక్కి నడవాలె. మొదటి ఏడు ఇది ఎవరూ చెప్పలే, నా కాలి అచ్చుల వెంబడే గడ్డి మొలిచింది.

మొలిచినంక కొట్టేది టెంబోట్రియోన్, 34.4 శాతం. ఎకరానికి 115 మిల్లీలీటర్లు, దాంతో ఇచ్చే జిగురు మందు కలిపి, విత్తిన 20–25 రోజులకు. నాలుగైదు రోజుల్లో గడ్డి లేత ఆకులు సున్నం పూసినట్టు తెల్లబడతయి. మొదటిసారి చూసి మా నాయన "మక్కక్కూడ గిట్లనే అయితదేమోరా" అన్నడు. కాలే. కానీ కలుపు రెండు నుంచి నాలుగాకుల మీద ఉన్నప్పుడే ఈ మందుకు బలం. ఒక ఏడు ముసురుతో పది రోజులు ఆగినం. ముదిరిన ఊద తెల్లబడ్డట్టే పడి, మళ్లీ పచ్చగా చిగురేసింది.

తుంగ దీనికి లొంగదు. తక్కిన కలుపు చచ్చేసరికి చేనంతా దానిదే అయింది. ఇప్పుడు రేగడి మడికి హాలోసల్ఫ్యూరాన్ మిథైల్ 75 శాతం, ఎకరానికి 36 గ్రాములు కొడుతున్న. ఆకు పసుపెక్కడానికే రెండు వారాలు పడుతది. గడ్డలు మట్టిలోనే ఉంటయి, వచ్చే ఏడు మళ్లీ అదే కథ.

వెడల్పాకు కలుపుకు 2,4-డి సోడియం సాల్ట్ కూడా వాడిన, ఎకరానికి 500 గ్రాములు. పనిచేస్తది, చౌక. కానీ ఇప్పుడు మానేసిన. పంపు ఒక్కసారి కడిగి పెట్టిన. పక్క చేను తమ్ముడు పచ్చదోమ మందు కొట్టనీకి అదే పంపు అడిగి తీసుకపోయిండు. పది రోజులకు పిలిచి చూపించిండు: పత్తి ఆకులు సన్నగా చీలి, వేళ్లు చాపినట్టున్నయి. "అన్నా, నీ పంపు నా పత్తిని బెండతోట జేసింది." కోపంగ అంటే బాగుండేది, నవ్వుకుంట అన్నడు. ఆ సాళ్లకు కాయ సరిగా పట్టలే, నా మక్క పైసల్లోంచి కొంత ఇచ్చిన. ఇప్పుడు కలుపు మందుకు వేరే పంపు, మీద ఎర్ర రంగు పూసి పెట్టిన. అది ఎవరికీ ఇయ్య.

పోయింది కూడా చెప్పాలె. మక్కలో కంది సాళ్లు వేసుకునేటోళ్లం, అట్రాజిన్ పడ్డ చేలో కంది బతకదు. కంది కావాలంటే పెండిమిథాలిన్ అనే వేరే కలుపు మందుతో సరిపెట్టుకోవాలె, ఇప్పుడు ఒక ఎకరం అట్లనే చేస్తున్న. గంగవాయిలి కూర చేన్లో దొరుకుడు బంద్ అయింది. గునుగు పువ్వు సంగతి అయితే మా అమ్మ ప్రతి బతుకమ్మకూ తీస్తది. మా సాళ్ల మధ్యే తెల్లగా పూసేది, సంచి పట్టుకుని పోతే గంటలో నిండేది. 2022లో పండుగకు గునుగు పైసలిచ్చి కొన్నం.

చల్కకు అట్రాజిన్, అవసరం పడితేనే టెంబోట్రియోన్: నేను మళ్లీ ఇవే కొంట. తూర్పు గెట్టు వెంబడి మూడు సాళ్లు మాత్రం మందు పడకుండా వదిలేస్తున్న, అక్కడ గుంటుకే. పోయిన భాద్రపదంల అక్కడ నడుమెత్తు గునుగు లేచింది, అమ్మ పొద్దుగాలే కొడవలి తీసుకుని పోయింది.