బంగారానికి 28,800 పోసి మోసపోయాం, గుర్రాల అలంకారాలు 2,000కే చూశాం

ముందు డబ్బు సంగతి చెప్తాను. ఇది రాయడానికి మొదటి కారణం అదే. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లోని హెర్మిటేజ్ మ్యూజియంలో సిథియన్ల (గుర్రాల మీద తిరిగిన పాతకాలపు జాతి) బంగారం చూపిస్తానని హైదరాబాద్‌లో ఒక ఏజెంటు మా నలుగురికి తలకి 7,200 చొప్పున 28,800 రూపాయలు ముందే కట్టించుకున్నాడు. "రష్యాలో మన వీసా, మాస్టర్‌కార్డులు పనిచేయవు సార్, అక్కడికెళ్ళి ఇబ్బంది పడతారు, ఇక్కడే యూపీఐలో కొట్టేయండి" అన్నాడు. కార్డుల మాట నిజమే, 2022 మార్చి నుంచి మన కార్డులు అక్కడ చెల్లడం లేదు. ఆ ఒక్క నిజం చెప్పి మిగతా అబద్ధమంతా అమ్మేశాడు.

చెప్పిన రోజున ప్యాలెస్ స్క్వేర్‌లో ఎత్తైన స్తంభం దగ్గర పదిన్నరకల్లా నిలబడ్డాం. గైడు వచ్చేసరికి పదకొండూ ఇరవై అయింది. సన్నగా వాన పడుతోంది. అమ్మకి మోకాళ్ళ నొప్పులు, అరగంట మించి నిలబడలేదు. గైడు వచ్చీ రాగానే మమ్మల్నీ, ఇంకో పదిమందినీ కలిపి జోర్డాన్ మెట్లు ఎక్కించి, నెమలి గడియారం, లియోనార్డో చిత్రాలు చకచకా చూపించి, గంటంబావులో "ఇక మీరు తిరగండి" అంది. బంగారం గది ఎప్పుడని అడిగితే ఫోన్‌లో ఓచర్ తీసి చూపించింది. అందులో 'ముఖ్యమైన హాళ్ళు' అని తప్ప ఇంకేమీ లేదు. ఆవిడ తప్పేం లేదు, ఆవిడకి అప్పజెప్పిన పని అంతే. ఏజెంటుకి ఫోన్ చేస్తే "అది అవైలబిలిటీని బట్టి సార్" అన్నాడు. మాకు ఇచ్చిన కాగితంలో ఆ మాట ఎక్కడా లేదు. మళ్ళీ చేస్తే ఫోన్ ఎత్తలేదు.

ఒక విషయం గుర్తుపెట్టుకోండి. హెర్మిటేజ్‌లో బంగారం గదికి మామూలు టికెట్ సరిపోదు. దానికి వేరే టికెట్ ఉంటుంది, ఇచ్చిన టైముకి గైడుతో పాటు గుంపుగానే లోపలికి పంపుతారు. ఎవరైనా ఆ గది చూపిస్తామంటే తేదీ, టైము వేసిన టికెట్ చూపించాకే డబ్బు కట్టండి. "ఏర్పాటు చేస్తాం" అన్న మాట మీద ఒక్క రూపాయి కూడా కట్టొద్దు.

ఆ సాయంత్రం రూములో ఎవరి మొహంలోనూ కళ లేదు. ఆ రూము ఇంకో తలనొప్పి. నెవ్‌స్కీ రోడ్డుకి దగ్గరని రాత్రికి 6,400 రూబుళ్ళు ఇచ్చాం (అప్పుడు రూబుల్ మన రూపాయికి అటూ ఇటూగా ఉంది). ఫోటోలో చూపించిన లిఫ్టు పక్క భవనానిదట, మాది అయిదో అంతస్తు. అమ్మ మెట్టుకొకసారి ఆగుతూ ఎక్కింది. పెద్దవాళ్ళతో వెళ్ళేవాళ్ళు లిఫ్టు తలుపు మీద ఆ ఇంటి నంబరు కనపడేలా ఫోటో పంపమని ముందే అడగండి. మా ఆవిడ ఆ రాత్రి నాతో మాట్లాడలేదు. ఏజెంటుని కుదిర్చింది నేనే మరి.

మర్నాడు మేమే కౌంటర్‌కి వెళ్ళి తలకి 500 చొప్పున 2,000 రూబుళ్ళు పెట్టి మామూలు టికెట్లు తీసుకున్నాం. బంగారం గదికి ఆ రోజు ఖాళీ లేదన్నారు. మా బావమరిది "బావా, గుర్రాల సమాధులవి కింద కూడా ఏవో ఉన్నాయట, మెట్లు ఎక్కక్కర్లేదు, అత్తయ్యకి సుఖం" అన్నాడు. అలా పజిరిక్ హాళ్ళలోకి అడుగుపెట్టాం. పై అంతస్తులో జనం ఒకరినొకరు తోసుకుంటుంటే, ఇక్కడ మా నలుగురం, కుర్చీలో కూర్చున్న కాపలా ముసలావిడా తప్ప ఎవరూ లేరు.

పజిరిక్ అనేది సైబీరియాలోని అల్తాయ్ కొండల్లో ఒక లోయ పేరు. దాదాపు 2,300 ఏళ్ళ కిందట సిథియన్లలాగే గుర్రాల మీద తిరిగే జాతులవాళ్ళు తమ పెద్దల్ని అక్కడ పాతిపెట్టి, పైన రాళ్ళ దిబ్బలు పోశారు. దొంగలు తవ్విన కన్నాల్లోంచి వాన నీళ్ళు లోపలికి దిగి గడ్డకట్టాయి. ఆ చలి దేశంలో రాళ్ళ కింద మంచు మళ్ళీ కరగలేదు. అందుకే వేరేచోట ఎముకలు, లోహాలు మాత్రమే మిగిలితే, ఇక్కడ తోలు, ఉన్ని, కొయ్య, గుర్రాల వెంట్రుకలతో సహా మిగిలాయి. 1929లో గ్ర్యాజ్‌నోవ్ అనే పురావస్తు శాస్త్రవేత్త మొదటి దిబ్బ తవ్వాడు. మిగతా పెద్ద దిబ్బల్ని 1947 నుంచి 1949 దాకా రుదెన్‌కో అనే ఇంకో శాస్త్రవేత్త తవ్వాడు. వేడి నీళ్ళు పోసి మంచు కరిగించుకుంటూ ఒక్కో వస్తువూ బయటికి తీశారట.

మా అమ్మ వాళ్ళ నాన్న తెనాలిలో జట్కా తోలేవాడు. అమ్మ చిన్నప్పుడు గుర్రానికి కుచ్చులు అల్లేది, మువ్వల పట్టీ తుడిచేది. ఈ ప్రయాణంలో అప్పటిదాకా దేనిమీదా మనసు పెట్టని మనిషి, మొదటి దిబ్బలో దొరికిన గుర్రపు ముఖ తొడుగు దగ్గర ఆగిపోయింది. తోలు, ఫెల్ట్‌తో (ఒత్తి చేసిన మందపాటి ఉన్ని గుడ్డ) చేసిన తొడుగు అది. దాని మీద దుప్పి కొమ్ముల్లాంటి పెద్ద కొమ్ములు నిలబెట్టారు. గుర్రాన్ని దుప్పిని చేశారన్నమాట. ఆ దిబ్బలో పది గుర్రాలుంటే, అన్నిటికీ కళ్ళేలు, జీనులు ఉన్నాయి. "మన గంగిరెద్దుకి కొమ్ములకి కుప్పెలు తొడిగి, మొహానికి గుడ్డ కట్టి తీసుకొస్తారు చూడు, అచ్చం అంతేరా" అంది అమ్మ. తర్వాత కాసేపు ఏమీ మాట్లాడలేదు.

కళ్ళెం చెక్కడాల దగ్గర నేను పావుగంట ఉన్నాను. గుర్రం నోట్లో పెట్టే ఇనుముకి రెండు పక్కలా ఉండే కొయ్య ముక్కలు, పట్టీలు కలిసే చోట బిళ్ళలు, నుదుటి మీద వేలాడేవి, అన్నీ దేవదారు కొయ్య చెక్కి పైన పల్చటి బంగారు రేకు అంటించినవి. ఒక బిళ్ళ మీద తోడేలు తల, దాని నోట్లో గొర్రె తల. ఇంకోచోట గడ్డం ఉన్న మనిషి మొహం. రేకు చాలాచోట్ల ఊడిపోయి కొయ్య గీతలు బయటపడ్డాయి. గొర్రె కొమ్ము మెలిక తిరిగిన చోట ఉలి ఒకసారి జారినట్టు చిన్న గాటు ఉంది. రేకు ఉన్నప్పుడు ఆ గాటు ఎవరికీ కనపడి ఉండదు.

జీను చూసి అమ్మ ఒక మాట అంది. అక్కడి జీనుకి కొయ్య చట్రం లేదు. తోలు, ఫెల్ట్‌తో కుట్టిన రెండు దిండ్లు, వెన్నెముకకి అటొకటీ ఇటొకటీ ఉంటాయి. "మా నాన్న కూడా అదే చెప్పేవాడు, బరువు పక్కటెముకల మీద పడాలి, వెన్ను మీద పడకూడదు అని." రికాబులు (స్వారీ చేసేవాడు పాదాలు పెట్టుకునే వలయాలు) మాత్రం లేవు. రికాబు అప్పటికింకా పుట్టలేదు. కాళ్ళు వేలాడేసి, తొడల బిగువుతోనే ఆ కొండల్లో స్వారీ చేసేవాళ్ళు.

మా ఆవిడకి కోపం దిగింది ఈ హాల్లోనే. తను బ్లౌజులకి మగ్గం వర్క్ చేస్తుంది. జీను మీద పరిచే ఫెల్ట్ గుడ్డ ముందు నిలబడి, "ఏవండీ, ఇది ప్యాచ్ వర్కే, చూడండి" అని నన్ను పిలిచింది. ఫెల్ట్ అంటే మన గొంగడిలా నేసింది కాదు. ఉన్నిని తడిపి, ఒత్తి, చుట్టి మందంగా చేస్తారు. రంగు రంగుల ఫెల్ట్ ముక్కలు కోసి, రెక్కల మృగం కొండమేక మీద పడుతున్నట్టు కుట్టారు. మేక వెనక కాళ్ళు పైకి తిరిగిపోయి ఉన్నాయి. అంచు వెంట కుట్లు ఎంత దగ్గర దగ్గరగా ఉన్నాయో తను వేలితో గాలిలో లెక్కపెట్టింది. "ఫెల్ట్ మందానికి సూది దిగదు, ఒక్కో కుట్టుకీ ముందు కన్నం పెట్టుకుని ఉంటారు" అంది. గుర్రం వీపు మీద కట్టి, దాని పైన మనిషి కూర్చునే గుడ్డకి అంత పని పెట్టారు.

అయిదో దిబ్బ వస్తువులు ఇంకా గొప్పవి. 183 సెంటీమీటర్ల వెడల్పు, 200 సెంటీమీటర్ల పొడవు ఉన్న ముడుల తివాచీ అక్కడే ఉంది. ప్రపంచంలో ఇప్పటిదాకా దొరికిన వాటిలో ఇంత పాతది, ఇంత బాగా మిగిలింది ఇంకోటి లేదు. దాని అంచులో గుర్రాలవాళ్ళు వరుసగా సాగుతుంటారు, ఒకడు ఎక్కి, తర్వాతివాడు పక్కన నడుస్తూ. ఆ గుర్రాల తోకలు ముడేసి ఉన్నాయి, వీపు మీద అలంకారపు గుడ్డలు ఉన్నాయి. అదే దిబ్బలో చీనా పట్టు మీద పక్షుల్ని కుట్టిన జీను గుడ్డ, సింహాలు నడుస్తున్న పారశీక నేత పట్టీ కూడా దొరికాయి. అంత దూరాల నుంచి తెచ్చిన బట్టని వాళ్ళు గుర్రానికి కట్టారు. ఆ గుర్రాన్ని వాళ్ళు ఎలా చూసుకున్నారో నాకు అక్కడ అర్థమైంది.

మధ్యాహ్నం బయటికొచ్చి ఒక చిన్న జార్జియన్ హోటల్లో తిన్నాం. అమ్మ శాకాహారి, అప్పటిదాకా బ్రెడ్డూ, మేం తీసుకెళ్ళిన పులిహోర పొడితో నెట్టుకొచ్చింది. లోబియో అని చిక్కుళ్ళ గింజల కూర వచ్చింది, ధనియాలూ వెల్లుల్లీ ఘాటుగా వేసి. సంచీలోంచి ఆవకాయ తీసి కలుపుకుని రెండు గిన్నెలు తినేసింది. లోబియో గిన్నె 420, జున్ను రొట్టె 560, రెండేసి తీసుకున్నాం, టీ 380తో కలిపి మొత్తం 2,340 రూబుళ్ళు. రష్యాలో కూరగాయల భోజనం కావాలంటే నా మాట విని జార్జియన్ హోటల్ వెతుక్కోండి.

మూడో రోజు బంగారం గదికి రెండే టికెట్లు దొరికితే నేనూ బావమరిదీ వెళ్ళాం. దక్షిణ రష్యాలోని కుబాన్ ప్రాంతంలో 1897లో దొరికిన బంగారు దుప్పి చూశాం, అడుగుకి కాస్త ఎక్కువ పొడవు, కాళ్ళు మడిచి పడుకుంది. 1913లో ద్నీపర్ నది దగ్గర సొలోఖా దిబ్బలో దొరికిన బంగారు దువ్వెన కూడా చూశాం. 294 గ్రాముల దువ్వెన మీద ముగ్గురు యోధులు, వెల్లకిలా పడిపోయిన ఒక గుర్రం. గుర్రం మీదున్నవాడి పాదాలకి రికాబులు లేవు, ముందు రోజు మేం కింద చూసిందే. గొప్ప పని, కాదనను. కానీ మా వెనక గుంపు ఉంది, గైడు తొందరపెడుతోంది, ఒక్కో వస్తువు ముందూ నిమిషం కూడా నిలబడనివ్వలేదు. రెంటిలో ఒకటే చూడగలిగేవాళ్ళకి నేను చెప్పేది కింద పజిరిక్ హాళ్ళే. బంగారం దొరగారిని చూపిస్తుంది. తోలు, ఫెల్ట్, కొయ్య మాత్రం కుట్టినవాణ్ణీ, చెక్కినవాణ్ణీ, గుర్రాన్ని తోమినవాణ్ణీ చూపిస్తాయి.

సిథియన్లని పారశీకులు శకులు అనేవాళ్ళని గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. రైల్లో మాస్కోకి వెళ్తుంటే అమ్మకి ఇది చెప్పాను. పశ్చిమ భారతాన్ని ఏలిన శకుల్ని గౌతమీపుత్ర శాతకర్ణి ఓడించాడనీ, నాసిక్ శాసనంలో ఆయన్ని శక యవన పహ్లవులను నాశనం చేసినవాడని పొగిడారనీ, పంచాంగంలో శాలివాహన శకం అన్న మాట ఆ శకుల పేరుతోనే ముడిపడిందనీ చెప్పాను. "అయితే సంకల్పంలో రోజూ వాళ్ళ పేరు చెప్పుకుంటున్నామా" అని కిటికీలోంచి చాలాసేపు బయటికి చూస్తూ కూర్చుంది. పీటర్‌హాఫ్ ఫౌంటెన్లు, కాలువల్లో పడవ, మాస్కోలో రెండు రోజులు, అన్నీ బాగానే జరిగాయి.

హెర్మిటేజ్ సోమవారం మూస్తారు. పజిరిక్ హాళ్ళలో వెలుతురు తక్కువ, కళ్ళజోడు మర్చిపోవద్దు. ఫ్లాష్ వేయొద్దు. డాలర్లో యూరోలో నగదు పట్టుకెళ్ళి అక్కడ బ్యాంకులో మార్చుకోండి. ఏజెంటుకి మూడు మెయిళ్ళు పెట్టాను, ఇప్పటిదాకా ఒక్క రూపాయి వెనక్కి రాలేదు. వినియోగదారుల ఫోరానికి కాగితాలు సిద్ధం చేస్తున్నాను.

పీటర్స్‌బర్గ్‌లో చివరి రోజు మాస్కో రైలు మధ్యాహ్నం మూడింటికి. పొద్దున్నే అమ్మ "ఇంకొక్కసారి పోదాంరా" అంది. మళ్ళీ 2,000 కట్టి నేరుగా కింది హాళ్ళకే వెళ్ళాం. అదే కాపలా ముసలావిడ ఉంది, అమ్మని గుర్తుపట్టి తన కుర్చీ ఇచ్చింది. అమ్మ కూర్చుని, కొమ్ముల తొడుగు వైపు చూపించి, రెండు చేతులతో గాలిలో పగ్గాలు పట్టినట్టు చేసి, "మా నాన్న" అని తెలుగులోనే చెప్పింది. ఆవిడ తల ఊపి, అద్దంలో నుదుటి పట్టీకున్న ఎర్ర కుచ్చుని వేలితో చూపించింది. అమ్మ సంచీలోంచి కాకినాడ కాజా పొట్లం తీసి ఆవిడ చేతిలో పెట్టింది. ఆవిడ దాన్ని కోటు జేబులో దాచుకుంది.