గ్రీన్ టీ కేకుకి మాచానా, మామూలు గ్రీన్ టీ ఆకా?

ఈ కేకు ఎవరికి పెట్టినా అడిగే ప్రశ్న ఒకటే: మాచా పొడే (గ్రీన్ టీ ఆకునే మెత్తగా విసిరిన పొడి) వేయాలా, ఇంట్లో ఉన్న గ్రీన్ టీతో పని జరగదా? పోయిన నెల నా మాచా డబ్బా అడుగంటడానికి వచ్చింది. సరే, తేల్చుకుందామని మూడు ఆదివారాలు మూడు లోఫ్ కేకులు చేశాను. 150 గ్రాముల చొప్పున వెన్న, పంచదార, మైదా, మూడు గుడ్లు, ఒక టీస్పూను బేకింగ్ పౌడర్, కాసిని పాలు. మూడింటికీ ఇవే కొలతలు, మారింది టీ ఒక్కటే.

ముందు ఓడిపోయింది డికాషన్. టీ బ్యాగులు మూడు వేడి పాలలో నానబెట్టి, బ్యాగుల్ని పిండేసి, ఆ పాలు కేకులో పోశాను. వంటిల్లంతా టీ వాసనే గానీ కేకు కోస్తే మామూలు వెన్న కేకు. ఆకుపచ్చ రంగు నీళ్లలో కరిగేది కాదు, ఆకుతోపాటు బ్యాగులోనే ఉండిపోతుంది. వగరు కొంత దిగినా పాలలోని ప్రొటీన్లు దాన్ని పట్టేసుకుంటాయి. మిగిలిన కాస్త రుచి అంత వెన్న, పంచదార ముందు ఎక్కడ నిలుస్తుంది?

అసలు పోటీ మాచాకీ, మిక్సీ పట్టిన ఆకుకీ. చాలామంది రంగు చూసి తీర్పు చెప్పేస్తారు. నా లెక్కలో పొడి ఎంత మెత్తగా ఉందన్నదే ముఖ్యం. టీ తాగేటప్పుడు ఆకు పారేస్తాం, కేకులో మాత్రం ఆకునే తింటాం కదా.

మాచా కోసం జపాన్‌లో కోతకు మూడు నాలుగు వారాల ముందు నుంచే తోటకు నీడ కప్పుతారు. దాంతో ఆకులో పచ్చదనం పెరుగుతుంది, వగరు తగ్గుతుంది. తర్వాత ఆవిరి పట్టి, ఆరబెట్టి, కాడలూ ఈనెలూ తీసేసి రాతి తిరగలిలో విసురుతారు. ఒక తిరగలి గంటకు 40 గ్రాములు విసిరితే గొప్ప. మన మిక్సీ నిమిషంలో ఆ పని చేస్తుందనుకోవడం అత్యాశే! పైగా మామూలు ఆకులో ఈనెలు కూడా ఉంటాయి. రెండుసార్లు తిప్పి, సన్న జల్లెడ పట్టి వేసినా తింటుంటే పళ్ల కింద ఇసుక తగిలినట్టు ఉంది. నలుసు తగిలిన చోటల్లా చేదు. రంగంటారా, ఎండిన గడ్డి రంగు.

అందుకే నా ఓటు మాచాకే. 150 గ్రాముల మైదాకి 10 గ్రాములు చాలు, 15 దాటితే చేదు. తాగడానికి అమ్మే ఖరీదైన రకం అక్కర్లేదు, వంటకని అమ్మేది తెచ్చుకోండి. మైదాతో కలిపి జల్లించకపోతే ఉండలు కడుతుంది.

మాచా వేసినా రంగుకి గ్యారంటీ లేదు. వేడికి పచ్చదనం గోధుమ రంగులోకి తిరుగుతుంది. 170 డిగ్రీల్లో 45 నిమిషాలు బేక్ చేస్తే, 25 నిమిషాలయ్యాక పైన ఫాయిల్ కప్పేస్తాను. పచ్చగా ఉంటుందని వంట సోడా ఎక్కువ వేసేవాళ్లున్నారు. రంగు కొంత నిలుస్తుంది గానీ, నోట్లో పెట్టుకుంటే సబ్బు! డబ్బా తెరిచాక గాలీ వెలుతురూ తగిలితే పొడి కూడా పసుపుబారుతుంది, గట్టిగా మూతపెట్టి ఫ్రిజ్‌లో ఉంచాలి.

పాలలో కలుపుకు తాగే మాచా లాటే పొడుల సంగతి ఒక్క ముక్కలో: వాటిలో చాలామటుకు పంచదారే, వదిలేయండి.

మాచా దొరకనప్పుడు ఆకుతోనే చేయాలంటే దాన్ని పొడి చేయకండి, వెన్నలో వేయండి. ఆకుపచ్చ రంగు నీళ్లలో కరగకపోయినా కొవ్వులో కరుగుతుంది. కరిగిన వెన్నలో రెండు చెంచాల ఆకు వేసి, సన్నని సెగ మీద పది నిమిషాలుంచి వడకట్టాలి. నాలుగో ఆదివారం ఇలా చేశాను. పచ్చదనం లేతగానే వచ్చింది, వాసన బాగా పట్టింది, పంటి కింద నలుసన్నది లేదు. ఆకు కొంత వెన్న పీల్చేస్తుంది కాబట్టి వడకట్టాక తూచి, తగ్గినంత కొత్త వెన్న కలపండి. మధ్యమధ్య కలుపుతూ గట్టిపడేదాకా చల్లార్చాకే పంచదార వేసి గిలక్కొట్టాలి. కరిగి ఉండగానే మొదలుపెడితే గాలి పట్టదు, కేకు పొంగదు.